పట్నవాసులు పల్లెకు వచ్చినప్పుడు: క్రోసూరు ప్రాంతంలో భూమి, కౌలు, విస్తరణ సేవలు

పల్నాడు జిల్లా సత్తెనపల్లి రెవెన్యూ డివిజనులోని క్రోసూరు మండలం పత్తికి, మిరపకు అనువైన నల్లరేగడి ప్రాంతం. నాగార్జునసాగర్ కుడి కాలువ నీరు అందిన మేరకు వరి కూడా పండుతుంది. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడేవరకు ఈ మండలం గుంటూరు జిల్లాలో ఉండేది. ఈ ప్రాంతపు గ్రామాలను గురించి చర్చ వచ్చినప్పుడల్లా చాలాకాలం పాటు బయటికి వెళ్లినవారి ప్రస్తావనే ఎక్కువగా ఉండేది. పిల్లల చదువుల కోసం గుంటూరుకు, నరసరావుపేటకు. ఉద్యోగాల కోసం హైదరాబాదుకు, బెంగుళూరుకు. ఆ తరువాత అమెరికాకు కుటుంబాలు తరలిపోయాయి. పొలం ఊళ్లో, కాపురం పట్నంలో అన్నది పల్నాటి పల్లెలకు కొత్త సంగతి కాదు.

గత పది పన్నెండు సంవత్సరాలలో దీనికి ఎదురు ప్రవాహం కూడా మొదలైంది. పట్నం నుండి పల్లెకు వస్తున్నవారు ఉన్నారు. అయితే వారందరినీ ఒకే గాట కట్టి 'పల్లెబాట పట్టిన పట్నవాసులు' అని వర్ణించడం వార్తాపత్రికల శీర్షికకు సరిపోవచ్చు గాని, విస్తరణ శాస్త్రజ్ఞునికి ఆ వర్ణనతో పని జరగదు. ఉద్యోగ విరమణ తరువాత సొంత ఊరికి తిరిగివచ్చి తండ్రి పొలం చూసుకుంటున్న వ్యక్తి ఒకరు. ఊరితో ఎటువంటి సంబంధం లేకపోయినా, మంచి నేల, మంచి గాలి, రసాయనాలు లేని తిండి కోరి నాలుగెకరాలు కొని స్థిరపడిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి మరొకరు. ఇక మూడవవారు గ్రామంలో కనిపించరు. వారి పేరు పట్టాదారు పాసుపుస్తకంలో ఉంటుంది, వారి ఫోను నంబరు కౌలుదారు దగ్గర ఉంటుంది, అంతే. సంఖ్యలో ఈ మూడవ తరగతివారే ఎక్కువ. గ్రామాన్ని మారుస్తున్నది కూడా ప్రధానంగా వీరే.

క్రోసూరు వంటి చోట పట్నం ఒక వరుసలో వస్తుంది. మొదట రూపాయి వస్తుంది. ఆ రూపాయితో పాసుపుస్తకంలో పేరు మారుతుంది. కొన్నాళ్లకు ఆదివారాల్లో కారు వస్తుంది. మనిషి వచ్చి నివసించడం అన్నిటికంటే చివర, అది కూడా కొందరి విషయంలో మాత్రమే. సామాజిక శాస్త్ర గ్రంథాలలో పట్నవాసుల గ్రామ వలస గురించి చదివిన విద్యార్థి నాలుగవ దశ కోసం వెదుకుతాడు. అది కనిపించక, ఇక్కడ మార్పేమీ లేదని అనుకొనే ప్రమాదం ఉంది. మార్పులో అధిక భాగం మొదటి రెండు దశల్లోనే పూర్తయిపోతుంది.

రాజధాని నీడ

రాష్ట్ర విభజన తరువాత 2014 సెప్టెంబరు 4న విజయవాడ పరిసరాల్లో రాజధాని ఏర్పడుతుందని శాసనసభలో ప్రకటన వెలువడింది. అదే సంవత్సరం డిసెంబరులో రాజధాని ప్రాంత అభివృద్ధి ప్రాధికార సంస్థ చట్టం వచ్చింది. 2015 జనవరి నుండి భూ సమీకరణ విధానంలో తుళ్లూరు, తాడేపల్లి, మంగళగిరి మండలాల గ్రామాలలో సుమారు 34 వేల ఎకరాలు సమీకరించబడ్డాయి. తమ భూములను ఇచ్చిన రైతులలోను, ఇతరత్రా విక్రయించినవారిలోను కొందరు ఆ సొమ్ముతో మరికొంత పడమరగా, ధర తక్కువగా ఉన్న మెట్ట మండలాలలో భూములు కొన్నారు. వారి వెనుక విజయవాడ, గుంటూరు, హైదరాబాదు మదుపరులు వచ్చారు. అమరావతికి గంట ప్రయాణ దూరంలోపే ఉన్న క్రోసూరు ఈ కదలికకు వెలుపల ఉండడం సాధ్యం కాదు.

2019 డిసెంబరులో మూడు రాజధానుల ప్రతిపాదన వెలువడడంతో ఈ వేడి చల్లారింది. 2024 జూన్ తరువాత తిరిగి రాజుకుంది. 2025 మే 2న రాజధాని పనుల పునఃప్రారంభం, పల్నాడు జిల్లాలోని అమరావతి, పెదకూరపాడు మండలాల గుండా వెళ్లే సుమారు 190 కిలోమీటర్ల బాహ్య వలయ రహదారి ప్రతిపాదన, 57 కిలోమీటర్ల ఎర్రుపాలెం - నంబూరు కొత్త రైలు మార్గానికి 2024 అక్టోబరులో లభించిన ఆమోదం, ఇవన్నీ పొరుగు మండలాల ధరలను కూడా ప్రభావితం చేసే అంశాలే. ఒక పత్తి చేను ధర వర్షపాతంతో గాని, పత్తి ధరతో గాని సంబంధం లేకుండా, ఎన్నికల ఫలితంతో పెరిగి ఎన్నికల ఫలితంతో తగ్గడం వ్యవసాయ అర్థశాస్త్ర విద్యార్థులు ప్రత్యేకంగా పరిశీలించదగిన విషయం.

ఇక్కడ ఒక వ్యత్యాసాన్ని గుర్తించాలి. భూ సమీకరణ గ్రామాలలో భూమి ఇచ్చిన రైతుకు పది సంవత్సరాల పాటు వార్షిక కౌలు ఏర్పాటైంది: మెట్ట ఎకరాకు 30 వేలు, జరీబు ఎకరాకు 50 వేలు, ఏటా పది శాతం పెంపు. అంతేకాక భూమిలేని నిరుపేద కుటుంబాలకు మొదట్లో నెలకు 2,500 రూపాయల పింఛను నిర్ణయించారు. సేద్యం ఆగిపోతే దాని మీద బ్రతికే కూలీ, కౌలుదారు కూడా నష్టపోతారన్న అంగీకారం ఆ పింఛనులో ఉంది. సమీకరణ హద్దుకు బయట ఉన్న గ్రామంలో కూడా భూమి చేతులు మారుతుంది, కొంత సేద్యం ఆగుతుంది, కొంత కూలి పోతుంది; కాని అది ఒక్కొక్క రిజిస్ట్రేషనుగా, నిశ్శబ్దంగా జరుగుతుంది కనుక ఎవరికీ ఏ పరిహారమూ ఉండదు, అటువంటి నష్టం ఒకటి ఉన్నదన్న నమోదు కూడా ఉండదు.

ఎకరం లెక్క

భూమి ధరకు, భూమి మీద వచ్చే ఫలసాయానికి మధ్య ముడి తెగిపోవడమే ఈ పరిణామానికంతటికీ మూలం. దీనిని ఒక ఊహాత్మక ఉదాహరణతో చూడవచ్చు. ఎకరం ధర 40 లక్షలు, మిరపకు ఇచ్చే కౌలు ఎకరాకు 30 వేలు అనుకుందాం. యజమానికి పెట్టుబడిపై వచ్చేది ఏడాదికి ముప్పాతిక శాతం. అదే 40 లక్షలు ఏడు శాతం వడ్డీపై బ్యాంకులో ఉంచితే 2 లక్షల 80 వేలు వస్తాయి. కౌలు కోసం భూమిని కొన్నవారు ఎవరూ ఉండరన్నది దీనితో స్పష్టం. భూమి ధర ఏడాదికి పది శాతం పెరిగితే వచ్చే 4 లక్షలే కొనుగోలుదారుని దృష్టి. ఆ పెరుగుదల ముందు కౌలు పదమూడవ వంతు కూడా కాదు.

ఊళ్లో ఉన్న సన్నకారు రైతు వైపు నుండి ఇదే లెక్క చూస్తే, ఖర్చులు పోను ఎకరాకు 40 వేలు మిగిలిన ప్రతి సంవత్సరమూ ఆ మొత్తాన్ని కదపకుండా దాచినా, పక్క ఎకరం కొనడానికి వంద సంవత్సరాలు కావాలి. పంట ఆదాయంతో భూమి కొని కమతం పెంచుకోవడం, అంటే కోస్తా జిల్లాల రైతు కుటుంబాలు రెండు మూడు తరాలుగా ఎదిగిన మార్గం, ఈ ధరల వద్ద మూసుకుపోయింది. మిగిలిన మార్గం కౌలు ఒక్కటే.

పై లెక్కలో విస్తరణ శాస్త్రజ్ఞునికి అన్నిటికంటే ముఖ్యమైన ఫలితం వేరే ఉంది. కౌలు రాబడి అంత స్వల్పమైనప్పుడు పట్నంలోని యజమాని కౌలు వసూలు గురించి పెద్దగా ఆందోళన చెందడు. కౌలుదారు పేరు ఏ ప్రభుత్వ కాగితం మీదా ఎక్కకూడదన్నదే అతని ఆందోళన. రేపు అమ్మే సమయంలో చిక్కు వస్తుందన్న భయం అతనిది. భూమి ధర ఎంత పెరిగితే ఈ భయం అంత పెరుగుతుంది. అంటే, రాజధాని వార్త ఒకటి రాగానే క్రోసూరు కౌలుదారుకు పంట రుణం మరికొంత దూరమవుతుంది.

సంతకం

ఈ భయం నిరాధారమని కొట్టివేయడానికి లేదు; దానికి చట్టంలోనే చరిత్ర ఉంది. 1956 నాటి ఆంధ్ర ప్రాంత కౌలుదారీ చట్టం, దానికి 1974లో జరిగిన సవరణ కౌలుదారుకు ఆరేళ్ల కనీస గడువును, భూమిని అమ్మేటప్పుడు ముందుగా కొనే హక్కును కల్పించాయి. కౌలుదారును రక్షించడానికి ఉద్దేశించిన ఈ నిబంధనలు కౌలును కాగితం నుండి నోటిమాటకు మళ్లించాయి. ఆరేళ్ల రక్షణ ఉన్న చట్టం కింద ఏడాదికొకసారి మారే కౌలుదారులు తయారయ్యారు. 2011లో భూ అధీకృత సాగుదారుల చట్టం రుణ అర్హత కార్డులను ప్రవేశపెట్టింది. 2019లో వచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం పాత చట్టాల స్థానంలో 11 నెలల గడువు గల కార్డును తెచ్చింది. భూమిపై యజమాని హక్కుకు ఎటువంటి భంగం లేదని ఈ చట్టం స్పష్టంగానే చెబుతుంది. అయినా కార్డుకు యజమాని అంగీకారం, సంతకం కావాలి. ఆ సంతకం దగ్గరే వ్యవహారమంతా ఆగిపోతుంది.

ఊళ్లోనే ఉండే యజమాని సంగతి కొంత నయం. రచ్చబండ దగ్గరో, బంధువు ద్వారానో అడగడానికి వీలుంటుంది. నలుగురిలో కాదనడానికి అతను కొంత సందేహిస్తాడు. గచ్చిబౌలిలోనో, డల్లాస్‌లోనో ఉన్న యజమానిని ఆ విధంగా అడగడం సాధ్యం కాదు. విదేశీ మారక నిబంధనల ప్రకారం ప్రవాస భారతీయులు మన దేశంలో వ్యవసాయ భూమిని కొనడానికి వీలులేదు, వారసత్వంగా పొందవచ్చును. అందువల్ల విదేశాల నుండి వచ్చిన సొమ్ముతో కొన్న భూమి స్వదేశంలోని తల్లిదండ్రుల పేరిట, అన్నదమ్ముల పేరిట ఉండడం సాధారణం. అటువంటి చోట సంతకం చేయవలసిన వృద్ధ తల్లికి పొలం ఎక్కడున్నదో తెలియకపోవచ్చు, నిర్ణయం చేసే కుమారునికి సంతకం చేసే అధికారం ఉండదు. కౌలుదారు ఇద్దరి మధ్య ఫోన్లు చేస్తూ ఖరీఫ్ గడిపివేస్తాడు.

దేశంలో కౌలు సేద్యం అత్యధికంగా ఉన్న రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ముందు వరుసలో ఉంది. జాతీయ నమూనా సర్వే 77వ విడతలో నూటికి నలభైకి పైగా కమతాలు కౌలు భూమి కలిగినవిగా తేలాయి. పల్నాడులో దీని బరువు ఇంకా ఎక్కువ, ఎందుకంటే ఇక్కడి పంటలు భారీ పెట్టుబడి కోరుతాయి. మిరపలో కౌలును ముందుగానే చెల్లించే పద్ధతి ఉంది. 2021 చివరిలో నల్ల తామర పురుగు (త్రిప్స్ పార్విస్పైనస్) గుంటూరు, పల్నాడు ప్రాంతాల మిరపను దెబ్బతీసినప్పుడు పూత రాలిపోయిన తోటలను మధ్యలోనే దున్నివేసినవారు ఉన్నారు. కౌలు అప్పటికే యజమానికి చేరిపోయింది. నష్టం మాత్రం సాగుదారుకు మిగిలింది. 2025 ఫిబ్రవరిలో మిరప ధర పడిపోయి, కేంద్ర ప్రభుత్వం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు నిర్ణయించవలసి వచ్చిన సంవత్సరంలోను ఇదే జరిగింది. అటువంటి సమయాలలో ప్రభుత్వ సహాయం ఏ రూపంలో వచ్చినా, అది ఎవరి పేరు నమోదై ఉంటే వారికే చేరుతుంది. కార్డు లేని సాగుదారుకు తాను పండించిన పంట మీద తన పేరు ఉండదు.

హద్దు రాళ్లు, ముళ్లకంచె, డొంక

భూయాజమాన్యం మారినప్పుడు చేలో కనిపించే మొదటి గుర్తు కంచె. సిమెంటు స్తంభాలు పాతి, ముళ్లతీగ లాగి, ఇనుప గేటుకు తాళం వేస్తారు. కొనుగోలుదారు దృష్టిలో ఇది ఆక్రమణ నుండి రక్షణ. గ్రామం దృష్టిలో మాత్రం కంచె ఒక్కటే అయినా దాని వల్ల తెగిపోయేవి అనేకం. గట్టు మీద నుండి పై పొలానికి వెళ్లే దారి తెగుతుంది. బోదె నీరు ఎవరి చేను మీదుగా ఎవరికి పారాలన్నది పత్రాలలో కాక అలవాటులో ఉంటుంది. ఆ అలవాటు తెలియని యజమాని బోదెను పూడ్చి చదును చేయిస్తాడు. ఇరవై సంవత్సరాలకు పైగా నిరాటంకంగా వాడుకలో ఉన్న దారి, నీటి మార్గాలకు 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టంలో రక్షణ ఉన్నమాట నిజమే. కాని దానికోసం సివిల్ కోర్టుకు వెళ్లగలిగే కౌలుదారు ఎక్కడ ఉంటాడు? యజమాని కాని వ్యక్తికి ఆ దారి మీద వాదించడం కూడా సులభం కాదు.

వేసవిలో గొర్రెల మందలు కోసిన చేలల్లో మేస్తూ తిరుగుతాయి. రాత్రిపూట చేనులో మంద కట్టిస్తే పెంట, మూత్రం నేలకు చేరుతాయి. అందుకు రైతు కాపరికి ధాన్యమో, నగదో ఇస్తాడు. పశువుల సంఖ్య తగ్గి పశువుల ఎరువు అరుదైన మెట్ట గ్రామాలలో నల్లరేగడికి ఇదొక ముఖ్యమైన సేంద్రియ పదార్థ వనరు. ఒకదాని పక్కన ఒకటిగా కంచెలు వచ్చిన కొద్దీ మంద నడిచే డొంకలు ఇరుకవుతాయి, మోడు మేతకు వీలైన విస్తీర్ణం తగ్గుతుంది. కాపరులు వేరే దిక్కుకు మళ్లుతారు. కంచె లేని రైతు కూడా మందను కోల్పోతాడు.

ఇంతకన్నా తీవ్రమైనది బీడు సమస్య. కొన్న వెంటనే అమ్మే ఉద్దేశంతో, లేదా కౌలుకిస్తే చిక్కన్న భయంతో కొందరు భూమిని ఖాళీగా ఉంచుతారు. ఖాళీగా ఉన్న నల్లరేగడి ఖాళీగా ఉండదు. రెండు వానలకు వయ్యారిభామ, తుత్తురబెండ కమ్ముకుంటాయి. 2000 ఖరీఫ్‌లో అనంతపురం జిల్లా వేరుశనగను నాశనం చేసిన కాండం కుళ్లు తెగులుకు కారణమైన టొబాకో స్ట్రీక్ వైరస్‌కు వయ్యారిభామ ప్రధాన ఆశ్రయమని, దాని పుప్పొడి ద్వారా, తామర పురుగుల సహాయంతో వైరస్ వ్యాపిస్తుందని అప్పటి పరిశోధనలు నిరూపించాయి. పత్తి కూడా ఈ వైరస్ సోకే పంటే. తుత్తురబెండ తెల్లదోమకు, పిండినల్లికి ఆశ్రయమిస్తుంది. గట్ల మీద ఈ మొక్కలను పీకివేయమని రైతుకు సలహా ఇచ్చే విస్తరణ శాస్త్రజ్ఞుడు, పక్కనే తాళం వేసిన గేటు వెనుక ఉన్న మూడెకరాల వయ్యారిభామను గురించి ఎవరికి సలహా ఇవ్వాలి?

గులాబీ రంగు పురుగు విషయం కూడా ఇటువంటిదే. పంటను డిసెంబరు, జనవరి నాటికి ముగించి, మోళ్లను పీకి ముక్కలు చేసి నేలలో కలిపివేయడం దాని యాజమాన్యంలో కీలకం. గ్రామంలో అందరూ కలిసి చేస్తేనే ఇది ఫలిస్తుంది. అందరూ అంటే ఎవరు? ఏడాది కౌలు ముగిసిన వ్యక్తికి మోళ్ల తొలగింపు తన ఖర్చు కాదు, వచ్చే ఏడాది ఆ చేను అతనిది కాదు. యజమానికి మోళ్ల సంగతి తెలియదు. సామూహిక సస్యరక్షణ అన్న భావనే గ్రామంలో నివసించే యజమానులను దృష్టిలో ఉంచుకొని రూపొందినదన్న విషయాన్ని మనం తరచుగా మరచిపోతున్నాము.

పర్యవేక్షణ భారం లేని పంటల వైపు మొగ్గడం మరొక ధోరణి. సుబాబుల్, జామాయిల్ వంటి కలప తోటలు గతంలోను దూరాన ఉన్న యజమానులకు అనుకూలంగా కనిపించాయి. ఇప్పుడు వాటికి శ్రీగంధం, ఎర్రచందనం, మామిడి తోడయ్యాయి. పంట మార్పిడిగా చూస్తే ఇందులో ఆక్షేపించవలసినది లేదు, పైగా నేలకు కొంత విశ్రాంతి కూడా. కాని మిరప కోతకే మూడు నాలుగు విడతలుగా కూలీలు కావాలి. కర్నూలు జిల్లా పశ్చిమ మండలాల నుండి కుటుంబాలతో వలస వచ్చే కూలీలకు పల్నాటి మిరప, పత్తి కోతలే సంవత్సరపు ఆధారం. ఆ ఎకరం కలప తోటగా మారితే నష్టపోయేది క్రోసూరు కూలీ ఒక్కడే కాదు.

వచ్చి ఉన్నవారు

పల్లెకు నిజంగా తరలివచ్చి సేద్యం చేస్తున్న కొద్దిమంది సంగతి వేరు. 2020 మార్చిలో కరోనా మూలంగా దేశమంతటా రాకపోకలు స్తంభించి, ఇంటి నుండే పని చేసే ఏర్పాటు వచ్చినప్పుడు చాలామంది యువకులు నెలల తరబడి సొంత ఊళ్లలో ఉన్నారు. కార్యాలయాలు తెరిచాక ఎక్కువమంది వెళ్లిపోయారు. ఉండిపోయినవారు, ఆ తరువాత నిర్ణయించుకొని వచ్చినవారు గ్రామానికి కొన్ని కొత్త అలవాట్లు తెచ్చారు. వారు ఖర్చును రోజువారీగా వ్రాస్తారు. మట్టి పరీక్ష ఫలితం చేతికి వచ్చే వరకు ఎరువు కొనరు. శాస్త్రజ్ఞుడు చెప్పిన మోతాదుకు కారణం అడుగుతారు, సంతృప్తి కలగకపోతే మళ్లీ అడుగుతారు. విజయవాడ, గుంటూరు అపార్టుమెంట్లలోని పరిచయాల ద్వారా బియ్యం, కందిపప్పు, కారం నేరుగా అమ్ముతారు. దళారీ లేకుండా పది కుటుంబాలకు కారం అమ్మడం చిన్న విషయంగా తోచవచ్చు. కాని మిరప యార్డు ధర తప్ప మరొక ధర ఎరుగని గ్రామంలో అది ఒక కొత్త కొలబద్ద.

ఘర్షణలూ ఉన్నాయి. ప్రకృతి సేద్యం చేయాలని వచ్చినవారి చేను పక్కనే మిరప తోటకు వారం వారం మందు కొడతారు. గాలి ఎటు వీస్తే అటు తుంపరలు పడతాయి. కొత్తవారు ఫిర్యాదు చేస్తారు. పాత రైతుకు అది అహంకారంగా కనిపిస్తుంది, ఎందుకంటే అతనికి ఆ మిరప మీద అప్పు ఉంది, పక్కవారికి జీతమో, పొదుపో ఉంది. కూలి రేట్ల విషయంలోను ఇదే పేచీ. తక్కువ గంటలకు ఎక్కువ ఇచ్చే కొత్త రైతును కూలీలు ఇష్టపడతారు, తోటి రైతులు ఇష్టపడరు. ఇందులో కూలీల పక్షాన న్యాయం లేకపోలేదు.

రాష్ట్రంలో 2016లో ఆరంభమైన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం 2024లో గుల్బెంకియన్ అంతర్జాతీయ పురస్కారాన్ని పంచుకున్నది. తొలకరికి ముందే నవధాన్యాలను విత్తి నేలను ఏడాదిలో ఎక్కువ కాలం పచ్చగా ఉంచడం ఇందులో ముఖ్యమైన అంశం. దీని ఫలితం ఒక్క పంటకాలంలో పూర్తిగా కనిపించదు. నేలలో సేంద్రియ కర్బనం పెరగడానికి కొన్ని సంవత్సరాలు కావాలి. ఆ ఓపిక సొంత భూమి, ఇతర ఆదాయం ఉన్న కొత్తవారికి సాధ్యం. పదకొండు నెలల కౌలుదారు పచ్చిరొట్ట వేస్తే దాని ఫలం తరువాతి కౌలుదారుకు పోతుంది. కొత్తవారి చేను పచ్చగా, కౌలుదారు చేను రసాయనాలతో నిండి ఉన్నదంటే అది చైతన్యంలో తేడా కాదు, గడువులో తేడా.

ఇతర ప్రాంతాల అనుభవం

ఇంగ్లండులోని హెర్ట్‌ఫర్డ్‌షైర్ గ్రామాలపై సామాజిక శాస్త్రవేత్త రే పాల్ 1965లో వెలువరించిన అధ్యయనం ఈ విషయంలో తొలి ప్రామాణిక రచనలలో ఒకటి. లండనులో ఉద్యోగం చేస్తూ గ్రామంలో ఇల్లు కొన్నవారి రాకతో గ్రామం రెండు వర్గాలుగా చీలడాన్ని ఆయన గమనించారు. అమెరికాలో మహానగరాల నుండి జనం గ్రామాలకు మళ్లడాన్ని 1976లో బ్రయాన్ బెర్రీ ప్రతినగరీకరణ అనే అర్థమిచ్చే పదంతో వ్యవహరించారు. జపాను పరిస్థితి దీనికి భిన్నం. అక్కడ జనం లేక గ్రామాలు ఖాళీ అవుతుంటే 2009 నుండి పట్నవాసులను గరిష్ఠంగా మూడేళ్లు స్థానిక సంస్థల ద్వారా నియమించి పల్లెలకు రప్పించే పథకం నడుస్తోంది.

ఈ నమూనాలు మూడూ మనుషులు వచ్చి నివసించడం చుట్టూ తిరుగుతాయి. క్రోసూరుకు ఇంకా దగ్గరి పోలిక హైదరాబాదు శివార్లలో ఉంది. జంట జలాశయాల రక్షణకు 1996 మార్చిలో వెలువడిన 111 నంబరు ఉత్తర్వు 84 గ్రామాలలో నిర్మాణాలను కట్టడి చేసింది. ఇళ్ల లేఅవుట్లకు అవకాశం లేని చోట ఫామ్‌హౌసులు వచ్చాయి. నగరానికి కూరగాయలు, పూలు పండించిన మొయినాబాదు, శంకరపల్లి, చేవెళ్ల వైపు రైతుల పిల్లలు అనేకులు తమ కుటుంబం అమ్మిన భూమిలోనే కాపలాదారులుగా, డ్రైవర్లుగా పని చేయడం ఆ ప్రాంతం తెలిసినవారు ఎరిగిన విషయమే. 2022 ఏప్రిల్‌లో 69వ నంబరు ఉత్తర్వుతో ఆ ఆంక్షలను సడలించారు. అప్పటికి భూమి చేతులు మారడం చాలావరకు ముగిసింది.

విస్తరణ వ్యవస్థ ఎవరితో మాట్లాడుతోంది

రైతు సేవా కేంద్రంలో ఉన్న జాబితాలు సాధారణంగా భూమి రికార్డుల నుండి మొదలవుతాయి. 2015లో ప్రారంభమైన భూసార ఆరోగ్య కార్డు సర్వే నంబరుకు, పట్టాదారుకు ముడిపడి ఉంటుంది. పి.ఎం. కిసాన్ భూ యజమానికే. 2025 ఆగస్టు 2న మొదలైన అన్నదాత సుఖీభవ కూడా ప్రధానంగా భూమి రికార్డు మీదనే ఆధారపడుతుంది. ఫలితంగా జింకు లోపం ఉన్నదన్న సమాచారం హైదరాబాదులోని ఫోనుకు చేరి, జింకు సల్ఫేటు వేయవలసిన వ్యక్తి దాన్ని చూడకపోవడం జరుగుతుంది. ప్రథమ శ్రేణి ప్రదర్శనలకు రోడ్డు పక్కన, సొంత బోరు ఉన్న, చదువుకున్న రైతును ఎంచుకోవడం మన అలవాటు. ఆ అర్హతలన్నీ ఇప్పుడు కొత్తగా వచ్చిన పట్నవాసికే ఎక్కువగా ఉన్నాయి. అతని చేను చూసి పక్క కౌలుదారు నేర్చుకుంటాడని ఆశించడం పై లెక్కలన్నీ విస్మరించడమే.

గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమంలో భాగంగా గ్రామాలలో ఉండే చివరి సంవత్సరం విద్యార్థులు సామాజిక పటం, వనరుల పటం గీస్తారు. ఆ పటానికి రెండు రంగులు చేర్చడం కష్టం కాదు. ప్రతి సర్వే నంబరు వద్ద యజమాని నివసించే చోటు ఒక రంగులో, ఈ ఖరీఫ్‌లో నాగలి పట్టినవారు ఎవరన్నది మరొక రంగులో గుర్తిస్తే, బీడు, కంచె, మూసుకుపోయిన డొంక వాటంతట అవే బయటపడతాయి. ఏటా కొత్త బృందం అదే గ్రామంలో అదే పటాన్ని గీస్తే ఐదేళ్లలో ఏ సర్వే సంస్థ దగ్గరా లేని సమాచారం లాం లోని విశ్వవిద్యాలయం దగ్గర ఉంటుంది.

దూరాన ఉన్న యజమానిని శత్రువుగా చూడడం వల్ల ప్రయోజనం లేదు. అతనికి నేల గురించి తెలియదు గాని, తన ఆస్తి విలువ గురించి శ్రద్ధ ఉంది; ఆ శ్రద్ధను నేల వైపు తిప్పవచ్చు. పండుగలకు, సెలవులకు యజమానులు ఊరికి వచ్చే రోజులలో కౌలుదారును పక్కన కూర్చోబెట్టుకొని జరిపే సమావేశం, పనిదినాలలో జరిపే పది సమావేశాల కంటే ఎక్కువ ఫలితమివ్వగలదు. అక్కడ చెప్పవలసిన విషయాలు సరళమైనవే. 2019 చట్టం కింద కార్డు యాజమాన్య హక్కును తాకదు. బీడులోని వయ్యారిభామను పూతకు ముందే తొలగించకపోతే పక్కవారికి నష్టం. ఒకే కౌలుదారుకు మూడేళ్లు ఇచ్చి, పచ్చిరొట్టకు, మోళ్ల తొలగింపుకు కౌలులో కొంత తగ్గిస్తే భూమి నాణ్యత నిలుస్తుంది. నీతి ఆయోగ్ 2016లో రూపొందించిన నమూనా కౌలు చట్టం కూడా యజమాని హక్కుకు పూర్తి రక్షణ ఇస్తూ ఇరువురూ ఒప్పుకున్న గడువుకు వ్రాతపూర్వక కౌలును ప్రోత్సహిస్తుంది. ఈ మాటలు కౌలుదారు నోటి నుండి వస్తే స్వార్థంగా వినిపిస్తాయి. వ్యవసాయాధికారి నోటి నుండి, శాస్త్రజ్ఞుని నోటి నుండి వస్తే అలా వినిపించవు.

పల్నాడులో కౌలు మాటలు చాలావరకు ఉగాది పరిసరాల్లో జరుగుతాయి. ఖరీఫ్ విత్తనాలు, రుణాలు, సాగుదారు కార్డుల హడావుడి జూన్‌లో మొదలవుతుంది. కుదిరిన నోటిమాట కాగితం కావడానికి ఉన్న వ్యవధి ఈ రెండింటి మధ్య పది వారాలు. ఎండాకాలం కావడంతో విస్తరణ సిబ్బంది క్షేత్ర పర్యటనలు తక్కువగా ఉండే వారాలు కూడా అవే. ఆ సమయంలో క్రోసూరులోని కౌలుదారు తరఫున పట్నంలోని యజమానికి ఫోను చేసి సంతకం అడిగే బాధ్యత ప్రస్తుతం ఏ శాఖ విధుల పట్టికలోను లేదు.